ఆదివారం ప్లే డే, హాజరైనవారికి డబుల్

నేను పంపిన ఒక చిన్న మెసేజీ వల్ల ఒక ఆదివారం పొద్దున గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి ముందు బూట్లు, టోపీలు, టిఫిన్ డబ్బాలతో జనం బారులు తీరారు. వాళ్లలో ఒక్కరికీ ఆ రోజు పని లేదు. ఆ సంగతి వాళ్లకు తెలియదు. వాళ్లెందుకు వచ్చారో అక్కడి ఆఫీసర్లకు తెలియదు. ఇదంతా నా ఘనకార్యమని నాకూ తెలియదు. పైగా ఆ వారమంతా నేను బడిలో చెప్పిన పాఠం ఏమిటో వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, చెప్పడానికే కూర్చున్నాను.

అప్పటికి నేను కంప్యూటర్ టీచరుగా చేరి ఎన్నాళ్లో కాలేదు. మాది నల్లగొండ వైపు. బొగ్గంటే ఇస్త్రీపెట్టెలో వేసేదని తప్ప మరో ముక్క తెలియదు. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడిలో ఉద్యోగం, కనకయ్య కాక ఇంట్లో కిరాయికి ఒక గది దొరికాయి. కనకయ్య కాక గని కార్మికుడు. ఆయన మనవడు మా బడిలోనే ఆరో తరగతి. మొదటి రోజు "కాక ఏడి అవ్వా?" అని అడిగితే ఆయన భార్య లచ్చవ్వ "బాయికి పోయిండు బిడ్డా" అంది. నీళ్లు తేవడానికి పోయాడనుకొని, నా వంతుగా ఒక బకెట్టు పట్టుకొని చాలాసేపు గడపలో నిలబడ్డాను. ఆ ఊళ్లో బాయి అంటే బొగ్గుగని. మన మాటలే అయినా ఇక్కడ వాటి అర్థాలు వేరని ఆ ఖాళీ బకెట్టు నాకు ఆ రోజే చెప్పింది. నేను వింటేగా!

బడిలో నేను రెండు విషయాలు చెప్పాలి. ఒకటి, చూడకుండా పది వేళ్లతో టైపు చేయడం. దానికి ఇంటర్నెట్టులో ఒక ఉచిత ఆట దొరికింది. ఆకాశం నుంచి అక్షరాలు రాలుతుంటాయి, నేల మీద పడేలోగా ఆ అక్షరం మీట నొక్కాలి. పిల్లలకు ప్రాణం లేచొచ్చింది. ఏడో తరగతి రుక్సానా మాత్రం మొదటి రోజే లేచి అడిగింది: "మేడం, ఈ కీబోర్డు చేసినాయనకు ఏబీసీడీలు రావా? అన్నీ ఎటుపడితే అటు పెట్టిండు!" జవాబు నాకూ తెలియదు కనుక "ముందు కూర్చో" అన్నాను. టీచర్ల దగ్గర అన్ని ప్రశ్నలకూ పనికొచ్చే జవాబు అదొక్కటే.

రెండోది డిజిటల్ పౌరసత్వం. ఆ మాట బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, రేపటి నుంచి మొదలుపెడదామన్నాను. మర్నాడు సగం క్లాసు ఆధార్ కార్డు జిరాక్సులతో వచ్చింది. "పౌరసత్వమంటే తీస్కపొమ్మన్నడు మేడం మా బాపు" అని వినయంగా నా టేబుల్ మీద దొంతర పెట్టారు. అవన్నీ ఎవరివి వాళ్లకు తిరిగిచ్చి, ఇది నెట్టులో మర్యాదగా, జాగ్రత్తగా మెలగడమని వివరించాను. పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదు. పేరు, ఊరు, బడి వివరాలు ఎక్కడపడితే అక్కడ రాయకూడదు. ఏ మెసేజీ వచ్చినా ముందుకు తోసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఎవరు రాశారు? నిజమేనా? పంపడం అవసరమా? ఈ మూడూ చార్టు మీద రాసి ల్యాబు గోడకు అంటించాను. ఎంత అందంగా రాశానంటే, రోజూ లోపలికి వస్తూ నేనే ఒకసారి చదువుకొని మురిసిపోయేదాన్ని.

మురిపెం ఎన్నాళ్లుంటుంది? ఒక శనివారం ఒంటిపూట బడి విడిచి పిల్లలు ఇళ్లకు పోయాక కరస్పాండెంట్ సారు పిలిచాడు.

"టీచరమ్మా, ఈ డబ్బాలతోని కరెంటు బిల్లు తప్ప నాకేం వస్తలేదు. తల్లిదండ్రులకు ఇంట్రెస్టు లేదు. ఆ గదిని టైలరింగ్ క్లాసుకు కిరాయికి ఇద్దామనుకుంటున్న."

"సార్, పిల్లలకు చానా ఇష్టం సార్!"

"ఇష్టముంటే సెలవునాడు గూడ రావాలె. రేపు ఆదివారం పిలువు. ల్యాబు నిండితే ల్యాబు ఉంటది, నువ్వూ ఉంటవు. లేకపోతే..." అని సారు చేత్తో కుట్టుమిషను తిప్పి చూపించాడు.

అంటే నా ఉద్యోగం ఒక్క ఆదివారం మీద ఆధారపడింది. ఆదివారం నాడు పిల్లల్ని బడికి రప్పించడమంటే పిల్లిని స్నానానికి పిలవడమే. అందుకే ఎర వేశాను. ఆ రోజంతా ఆటలే. వచ్చినవాళ్లకు ఆటలో డబుల్ పాయింట్లు. ఆ మధ్యాహ్నమే కూర్చొని, కీబోర్డు వంక చూడకుండా, పది వేళ్లతో, ఈ కింది మహాకావ్యాన్ని టైపు చేసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాను:

"ఈ ఆదివారం ప్లే డే. ఉదయం ఏడు గంటలకు. హాజరైనవారికి డబుల్. ముందు వచ్చినవారికే అవకాశం. ఎవరి టిఫిన్ డబ్బా వారే తెచ్చుకోవాలి."

నా పేరు, బడి పేరు రాయలేదు. వివరాలు ఎక్కడపడితే అక్కడ రాయకూడదని చెప్పిందెవరు? నేనే కదా! ఆదర్శ డిజిటల్ పౌరురాలిని.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. అప్పుడు నాకెవరూ చెప్పని మాట. బొగ్గుబాయిల ఊళ్లలో ప్లే డే అంటే ఆటల రోజు కాదు. ఆదివారం వారపు సెలవు. ఆ సెలవునాడు కొందరినే పిలిచి డ్యూటీ ఇస్తారు. దాన్నే ప్లే డే అంటారు. ఆ రోజు పనికి జీతం రెట్టింపు, అదే డబుల్. అది అందరికీ దొరకదు. మొదటి షిఫ్టు పొద్దున ఏడింటికి. టిఫిన్ డబ్బా ఎవరిది వాళ్లదే. ఇప్పుడు నా మెసేజీ మళ్లీ ఒకసారి చదవండి. నేను కావాలని గనిలో కూర్చొని రాసినా అంత పకడ్బందీగా వచ్చేది కాదు.

రుక్సానా వాళ్ల నాన్న గౌస్ భాయ్ ఆ మెసేజీని తన ఫోనులో చూశాడు. ఏ గ్రూపులో వచ్చిందో చూడలేదు. సంతోషం పట్టలేక తన బాయి గ్రూపులోకి తోశాడు. అక్కడి నుంచి ఇక దానికి రెక్కలొచ్చాయి. తండ్రులందరూ అది తమకే వచ్చిందనుకున్నారు కనుక, పిల్లలకు ఎవరూ చెప్పలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్నారు పెద్దలు. వేలు దాటితే గోదావరి దాటుతుందని నేను కనుక్కున్నాను. సాయంత్రానికే అవతలి ఒడ్డున రామకృష్ణాపూర్ నుంచి లచ్చవ్వ చెల్లెలు ఫోను చేసి "మీ దిక్కు ప్లే డే అట, మా దిక్కు లేదేందక్కా?" అని నిష్ఠూరమాడింది.

నేను బడి నుంచి వచ్చేసరికి కనకయ్య కాక వాకిట్లో కూర్చొని బూట్లు తుడుస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"బిడ్డా, రేపు ప్లే డే అట!"

"అవును కాకా! మీ దాక వచ్చిందా?"

"రాకపోవుడేంది, ఊరంత తిరుగుతున్నది. బోర్డు మీద పెట్టలేదు గని గ్రూపుల వచ్చింది. ఎన్ని దినాలాయె ప్లే డే లేక!"

ఊరంతా తిరుగుతోందనగానే నా గుండె గుమ్మడికాయంత అయింది. తల్లిదండ్రులకు ఇంట్రెస్టు లేదన్న సారు వచ్చి చూడాలి!

"డబులని గూడ రాసిండ్రు సూడు."

"ఆ డబుల్ నేనే పెట్టిన కాకా. లేకుంటే ఎవరొస్తరు?"

కాక నన్ను ఎగాదిగా చూసి పడీ పడీ నవ్వాడు. "ఏమే లచ్చీ, విన్నవా? మనింట్ల కిరాయికున్నది మేనేజరమ్మ అట!"

"నవ్వకు కాకా, జాగ తక్కువున్నది. జల్ది పోవాలె."

"నువ్వు చెప్పాల్నా? ఆరింటికే పోత."

మనవణ్ని తీసుకొని పోతాడనుకున్నాను. ఆ మనవడు గోలీలాడుకుంటూ పక్కనే ఉన్నాడు. వాణ్ని ఒక్క మాట అడిగినా బతికిపోయేదాన్ని.

లోపలి నుంచి లచ్చవ్వ గరిటెతో సహా బయటికొచ్చింది. "రేపు మా చెల్లె ఇంటికి పోదామంటివి గదా?"

"మీ చెల్లె ఏడికి పోతదే? ప్లే డే పోతది!"

ఆ రాత్రి లచ్చవ్వ మా ఇద్దరికీ పోసిన పచ్చిపులుసులో ఉప్పు పడలేదు. కాకకైతే సరే, నాకెందుకు పడలేదో మర్నాడు గానీ అర్థం కాలేదు.

ఆదివారం ఏడింటికి ల్యాబు తలుపులు బార్లా తెరిచి, కంప్యూటర్లన్నీ వెలిగించి, ముగ్గులాంటి నవ్వు పెట్టుకొని నిలబడ్డాను. ఒక్క పిల్లాడు లేడు. కొంతసేపటికి కరస్పాండెంట్ సారు వచ్చాడు. ఆయన వెనకే టైలరింగ్ ఆవిడ వచ్చి, నన్ను పలకరించి, టేపు తీసి గది కొలవడం మొదలుపెట్టింది. ఆమె కిటికీ కొలిచి నా వైపు వస్తుంటే నన్ను కూడా కొలుస్తుందేమోనని పక్కకు జరిగాను. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆ గదంటే నాకు అంత ఇష్టమని అప్పుడే తెలిసింది.

ఇంతలో సారు ఫోను మోగింది. విని పెట్టేసి, "బాయి కాడ లొల్లి అయితున్నదట. ఎవడో ప్లే డే అని ఉత్త ముచ్చట పెట్టిండట గ్రూపుల. జనమంత వచ్చి గేటు కాడ నిలబడ్డరట" అన్నాడు.

మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది నాకు. సారు నోట ప్లే డే అన్న మాట చెవిలో పడింది కానీ బుర్రదాకా పోలేదు.

"చూసిండ్రా సార్! ఇందుకే డిజిటల్ పౌరసత్వం చెప్పాలనేది! పేరు లేకుండ, ఊరు లేకుండ రాసి ఊరి మీదికి తోలుతరు. ఎవరో గని, బుద్ధి లేని మనిషి! అసొంటోళ్లను పట్టుకొని ఈ చార్టు ముంగట నిలబెట్టాలె!"

"మేడం!" అని గేటు దగ్గర కేక. రుక్సానా. వాళ్ల నాన్న స్కూటర్ మీంచి దూకి, ఫోను ఎత్తిపట్టుకొని పరుగెత్తుకొచ్చింది. "మేడం, ఎవరు రాసిండ్రో దొరికిండ్రు! మా అబ్బా బాయి కాడికెల్లి వచ్చి ఫోను ఇచ్చి చూడమంటే మీరు చెప్పిన మూడు ప్రశ్నలు అడిగిన. ఒక్కో గ్రూపు ఎనుకకు ఎనుకకు పోయిన."

"శభాష్! ఎవరు?"

"మీరే మేడం."

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. గోతులు తీయడమే కొలువైన ఊళ్లో ఆ సామెత మూడు షిఫ్టులూ పనిచేస్తుంది. రుక్సానా వెనకాలే వచ్చారు వాళ్లు. బాయి దగ్గరి జనంలో సగం మంది తిట్టుకుంటూ ఇళ్లకు పోయారట, మిగతా సగం తిట్టడానికి నా దగ్గరికి వచ్చారు. ముందు గౌస్ భాయ్, పక్కన కనకయ్య కాక.

"క్యా మేడం, ఆఫీసర్ ముంగట ఇజ్జత్ పోయింది!" అన్నాడు గౌస్ భాయ్.

"ల్యాబు నిండాలని సారు అంటే నేను ఆటల రోజు అనుకొని పెట్టిన అన్నా... ప్లే అంటే ఆట... డే అంటే రోజు..." అని నసిగాను.

కరస్పాండెంట్ సారు మొహం ఎర్రబడింది. "రేపటి సంది నువ్వు రావద్దు. మాటకు అర్థం తెల్వనోళ్లు పిల్లలకేం చెప్తరు?"

నేను గోడ వైపు తిరిగాను. గోడ మీద నా చార్టే ఉంది. ఎవరు రాశారు?

అప్పుడు వినిపించింది నవ్వు. కనకయ్య కాక తన ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకొని నా మెసేజీని కూడబలుక్కుంటూ పైకి చదువుతున్నాడు. "ఎవరి... టిఫిన్ డబ్బా... వారే!" అని కడుపు పట్టుకున్నాడు. "నిన్న చెప్పింది రా పిల్ల! నేనే పెట్టిన కాకా అన్నది, జాగ తక్కువున్నది జల్ది పో అన్నది! నేనే పిచ్చోని లెక్క మేనేజరమ్మ అని నవ్విన!"

గౌస్ భాయ్ మూతి మీసాల కింద కదిలింది. ఆ తర్వాత ఎవరి నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు.

"సారూ," అన్నాడు కాక, "బిడ్డ ప్లే డే అని పిలిచింది. మేమొచ్చినం. ముందొచ్చినోళ్లకే అన్నది. నడువుండ్రి రా!"

ల్యాబులోకి చెప్పులతో రాకూడదని మరో చార్టు కూడా నేనే రాసి పెట్టాను. వాళ్లు దాన్ని చదివి, అందరూ బూట్లు విప్పి లోపలికి వచ్చారు. గుమ్మం ముందు ఆ బూట్ల కుప్ప ఇప్పటికీ నా కళ్లలో ఉంది. పిల్లల స్టూళ్ల మీద మోకాళ్లు గడ్డాలకు తగిలేలా కూర్చున్నారు. ఎంత కడిగినా గోళ్ల అంచుల్లో బొగ్గు వదలని వేళ్లు మీటల మీద భయం భయంగా ఆనించారు. ఎఫ్ మీదా, జె మీదా చిన్న బొడిపెలుంటాయి, వాటిని తడిమి చూపుడువేళ్లు పెట్టాలి, కిందికి చూడొద్దు అని చెప్పాను.

"చీకట్ల తడుముడు మాకు నేర్పుతున్నవా బిడ్డా!" అన్నాడు కాక.

తడిమారు సరే, ఆట మొదలై పైనుంచి అక్షరాలు రాలగానే గౌస్ భాయ్ తల దించుకొని "అరే, పైకప్పు కూలుతున్నది, జరుగుండ్రి!" అని అరిచాడు. గదంతా గొల్లుమంది. రుక్సానా వెనక నిలబడి "కింద చూడకు అబ్బా! చూడకు!" అని నా గొంతుతో గద్దిస్తోంది. కాసేపటికి కబురంది పిల్లలు కూడా వచ్చి, తండ్రుల భుజాల మీదుగా తొంగిచూస్తూ నిలబడ్డారు. నిలబడడానికి జాగా లేదు.

"వీళ్లు పిల్లలా?" అన్నాడు కరస్పాండెంట్ సారు నీరసంగా.

"ల్యాబు నిండాలన్నరట గద సార్," అంది రుక్సానా. "నిండింది."

టైలరింగ్ ఆవిడ టేపు చుట్టి సంచిలో పెట్టుకుంది. మధ్యాహ్నం అందరూ టిఫిన్ డబ్బాలు విప్పారు. నేను తెచ్చుకోవడం మరిచిపోయానని తెలిసి, అందరి డబ్బాల్లోంచి తలా ఒక ముద్ద తీసి, ఒక డబ్బా మూతలో నాకు పెట్టారు. అంత కమ్మటి అన్నం నేను మళ్లీ తినలేదు.

ఆ బడిలో నేను చాలా ఏళ్లు పనిచేశాను, ప్లే డే మేడంగానే. తర్వాత పెళ్లయి వేరే ఊరొచ్చాను. గ్రూపులో మాత్రం ఇప్పటికీ ఉన్నాను, వదలబుద్ధి కాలేదు. మొన్న కనకయ్య కాక రిటైరయ్యాడని తెలిసి ఫోను చేశాను. ఎట్లున్నవు కాకా అంటే అన్నాడు:

"ఏమున్నది బిడ్డా, ఇప్పుడు నాకు దినాం ప్లే డేనే. డబులే లేదు."

నవ్వాననుకుంటాను. కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

కాబట్టి గోదారమ్మ సాక్షిగా, ఎఫ్, జె మీటల మీద చూపుడువేళ్లు ఆనించి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ ఊళ్లో ఉన్నా, ఏ మెసేజీ రాసినా, ముందు ఇంటి ఓనరుకు చదివి వినిపించి, ఆ ఊళ్లో ఆ మాటకు అర్థమేమిటో అడగనిదే పంపను. ఆయన నవ్వితే అసలే పంపను.