దర్జీ సాక్ష్యం

రాజాంలో మా బట్టలు కుట్టే దర్జీకి నత్తి. మాట ఇరుక్కున్నప్పుడల్లా మెడలోని టేపును వేలికి చుట్టుకునేవాడు. ఆ చుట్టు పూర్తయ్యేలోపే ఆ మాటేదో మేమే అనేసేవాళ్లం. అది సాయమనుకునేవాళ్లం.

మా బాప్టిస్టు చర్చిలో బాప్తిస్మం కోరినవాళ్లు ముందు సంఘం ఎదుట నిలబడి తాము దేవుణ్ణి ఎలా నమ్ముకున్నారో సాక్ష్యం చెప్పాలి. ఆ భయంతోనే అతను ఏళ్ల తరబడి వాయిదా వేశాడు. "నువ్వు తలూపితే సాలు, నీ బదులు నేను సెప్తాను" అని పాస్టరుగారన్నా ఒప్పుకోలేదు.

చివరికి ఒక ఆదివారం లేచాడు. మెడలో టేపు లేదు. ఖాళీ వేళ్లు చొక్కా అంచును నలుపుతున్నాయి. "ఇన్నేళ్లూ నేను దే... దే..." దగ్గర ఆగిపోయాడు. ముందు వరుసలోంచి నేనే అలవాటుగా "దేవుడికి దూరంగా ఉన్నాను" అని అందించాను.

"ఆగండి మాస్టారూ," అన్నాడు. "ఎంతసేపైనా గానీ, నా మా... మాట నన్నే సెప్పనియ్యండి."

వీడియో తీస్తున్నవాళ్లు సెల్‌ఫోన్లు దించేశారు.

"ఇన్నేళ్లూ నేను దే... దేవుడికన్నా మీకే ఎక్కువ బయపడ్డాను."

తర్వాత కూడా అతని నత్తి పోలేదు. కొలతలు తీస్తూ మాట ఇరుక్కుంటే మాత్రం, టేపు చుట్టకుండా నా కళ్లలోకి చూసేవాడు. నేను నోరు మూసుకుని ఆగేవాణ్ణి.