దొంగచుక్క అని చెప్పింది నేనే

మా చిన్నప్పుడు లంకలో ఒక రాత్రి నా మీద పడిన నింద యాభై ఏళ్ళు దాటినా దిగలేదు... పెళ్ళిలో కనబడినా, చావింట్లో కనబడినా మా మేనత్త కొడుకు సూరిబాబు బావ నన్ను "ఏరా దొంగచుక్కా" అనే పిలుస్తాడు. అందరూ నవ్వుతారు. నేనెప్పుడూ నవ్వలేదు.

గోదావరి మధ్య లంకలో మాకు వంగతోట ఉండేది. చుట్టూ రెల్లు, ఇసుక, నక్కల కూతలు... గడియారం లేదు. వేగుచుక్క పొడవగానే బుట్టలు పడవకెత్తి రాజమండ్రి బయలుదేరాలి. ఆ చుక్క కోసం మేలుకునే పని అప్పజెప్పారంటే ఇక వాడు పిల్లాడు కాడని లెక్క. నా పన్నెండో ఏట, మాఘమాసంలో, నాన్న నాకు అప్పజెప్పాడు.

వేగుచుక్క కన్నా ముందు అచ్చం అలాగే మెరుస్తూ ఇంకోటి లేస్తుంది, అది దొంగచుక్క. దాన్ని నమ్మితే నడిరాత్రే ఏట్లో ఉంటాం. ఉత్తరాన ఏడు చుక్కల ముసలమ్మ మంచం పడమటికి వాలితేనే లేపమన్నాడు నాన్న. నేను చదివింది రెండో తరగతే... చుక్కలు మాత్రం తప్పు చదవలేదు.

ఆ రాత్రి తూర్పున ధగధగా ఒకటి లేచింది. మంచం ఇంకా వాలలేదు.

"ఇది కాదు బావా, దొంగచుక్క" అన్నాను.

నాతో మేలుకున్న సూరిబాబు బావ నాకంటే అయిదేళ్ళు పెద్ద. చలికి వణుకుతున్నాడు. "నీకేం తెలుసురా, నిద్దర మొహమా" అని పాక వైపు కేకేశాడు. "మావయ్యా, లెగండి. మీవాడు చూశాడంట, వేగుచుక్క పొడిచేసింది."

పెద్దవాడు అంత గట్టిగా అనేసరికి నా కళ్ళ మీద నాకే అనుమానం వచ్చింది. నోరు పెగల్లేదు. అది నా తప్పే, ఒప్పుకుంటాను. నాన్న పైకి చూడలేదు... నన్ను నమ్మాడు.

చీకట్లో పడవ ఇసుక తిప్ప ఎక్కేసింది. నాన్న దిగి భుజం పెట్టి నెట్టాడు. అది ఒక్కసారిగా జారి ఆయన కాలు నలిపేసింది... ఎంతకీ తెల్లవారలేదు.

తర్వాత నాన్నకి నిజం చెబితే, "నీ తప్పు ఇంకొకడి మీద పెట్టకు" అన్నాడు. పోయేదాకా కుంటుతూనే నడిచాడు. ఆ కాపలా బావకిచ్చాడు. నాకు మళ్ళీ ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ లంక నిండా ఇసుక లారీలు, లైట్లు... ముసలమ్మ మంచం ఎక్కడుందో వెతుక్కోవాలి. మీ ఇళ్ళలో చుక్క చూసి లేచినవాళ్ళుంటే రాయండి.

బావా, ఇది నీ ఫోన్‌లోకి వస్తుందని తెలుసు. ఆ రాత్రి కేకేసింది ఎవరో అందరికీ కనబడేలా కింద రాయి. కార్తీక పౌర్ణమి దాకా చూస్తాను... ఆ రోజు రేవులో నాన్న పేరున దీపం వదలాలి. ఆయనకేం చెప్పమంటావు?