మామయ్య దుకాణంలో బాయ్‌నెట్

ఉస్మాన్‌గంజ్‌లో మా మేనమామది ఎండుమిర్చి టోకు దుకాణం. బస్తా విప్పకుండా సరుకు చూడటానికి ఆయన ఒక పాత ఇనుప ఊచతో పొడిచి నాలుగు కాయలు బయటికి లాగేవాడు. వాళ్ల తాత నాటి నుంచీ అదే ఊచ. కిందటేడు ఒక శనివారం అది నా చేతికి వచ్చింది. కంచన్‌బాగ్‌లో లోహాలు పరీక్షించే ఉద్యోగం నాది. ఇనుము కనిపిస్తే తిప్పి చూడకుండా ఉండలేను. మూడు పలకల మొన, మొదట్లో మోచేయిలాంటి వంపు, ఆ కింద పొట్టి గొట్టం. బస్తా పొడవడానికి గొట్టం ఎందుకు?

వారం రోజులు పుస్తకాలు తిరగేశాను. అది తుపాకీకి తొడిగే బాయ్‌నెట్. మొదట్లో ఫ్రెంచి సైనికులు కత్తి పిడిని తుపాకీ నోట్లోకే దూర్చేవారట. ఇక పేల్చడం కుదరదు. గుర్రపు దళం మీదపడితే పొడవాటి బల్లేలవాళ్లే దిక్కు. తుపాకీ నోటికి బయటి నుంచి తొడిగే ఈ గొట్టం వచ్చాక ఆ బల్లేలవాళ్ల అవసరం పోయింది.

మళ్లీ శనివారం మామయ్యకు చెప్పాను. నమ్మలేదు.

"చూపియ్యి బిడ్డా," అన్నాడు.

మూలనున్న నీళ్ల పైపుకు తొడిగాను. వంపు వల్ల మొన పక్కకు జరిగి, పైపు నోరు తెరిచే ఉంది. తుపాకీ అయితే మందు కూరవచ్చు, పేల్చవచ్చు. బస్తాలు దించిన హమాలీలు ఇద్దరు చుట్టూ చేరారు. వాళ్లనూ మామయ్యనూ సైనికుల్లా మోచేతులు తగిలేలా వరుసగా నిలబెట్టాను.

"గిట్ల మూడు వరుసలుండేటియి," అన్నాను.

"ఎదురుంగ తుపాకులు పేలుస్తుంటే గిట్లనే నిలబడాల్నా?" అన్నాడు పెద్ద హమాలీ.

"గిట్లనే అన్నా."

"ఉరికితే?"

"ఎనుక కత్తి పట్టుకొని జమేదారు ఉంటడు."

హమాలీలు నవ్వారు. మామయ్య నవ్వలేదు. "ఇది ఫ్రెంచోళ్లదేనా?" అని అడిగాడు.

కావచ్చు, కాకపోవచ్చు. నిజాం కొలువులో ఫ్రెంచి అధికారులు తర్ఫీదిచ్చిన పటాలాలు ఉండేవి; ఇంగ్లీషువాళ్ల దగ్గరా ఇలాంటివే ఉండేవి. తయారుచేసినవాళ్ల ముద్ర దొరుకుతుందేమోనని చింతపండుతో తోమాం. ఒక గీత బయటపడింది, అంతే.

తర్వాతి శనివారం వెళ్లేసరికి దుకాణంలో కొత్త ఊచ ఉంది. మామయ్య పాతది గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

"నువ్వే ఉంచుకో. ఎవ్వని చేతిల ఉండెనో, ఎవ్వని కడుపుల దిగెనో. నాకిగ బస్తాల పొడువ బుద్ధయితలేదు."

ఇప్పుడది మాదన్నపేటలో, మా అల్మారాలో ఉంటోంది. ఆకురాయితో చిటికెడు ఇనుప రజను తీసి పరీక్షిస్తే ఎక్కడి ఇనుమో కొంతైనా తెలియవచ్చు. చాలా రోజులు మనసొప్పలేదు. మొన్న ఆదివారం గొట్టం లోపల, బయటికి కనిపించని చోట, ఆకురాయి పెట్టాను.