గేరు వెచ్చబడేదాకా

నా చిన్నప్పుడు చలికాలం వచ్చిందని మా ఇంట్లో అందరికంటే ముందు కొబ్బరినూనె సీసా చెప్పేది. నాన్నగారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఢిల్లీ సరోజినీ నగర్‌లో క్వార్టర్ ఇచ్చారు. దీపావళి వెళ్ళిన కొన్నాళ్ళకే అలమరలో నూనె తెల్లగా గడ్డకట్టేది. అమ్మ ఆ సీసాను గుమ్మం ముందు ఎండలో పెట్టి, కరిగాక నాకు జడ వేసేది. కోస్తా నుంచి వెళ్ళినవాళ్ళం కాబట్టి, నూనె గడ్డకట్టే ఊళ్ళో మనుషులెలా బతుకుతారా అని అమ్మ ప్రతి ఏడూ ఆశ్చర్యపోతూనే ఉండేది.

మా పక్క క్వార్టర్లో ఒక ఆంటీ ఉండేవారు. బాపట్ల వైపు నుంచి వచ్చి ఢిల్లీలో పెద్దాసుపత్రిలో నర్సుగా చేరారు. ఆవిడ భర్త మిలిటరీ మనిషి. ఎక్కడో సరిహద్దులో ఉండేవారు. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర అంకుల్ పాత కారు ఒకటి కొని, డ్యూటీకి వెళ్ళిపోయే ముందు ఆంటీకి డ్రైవింగ్ నేర్పారట. మా బ్లాకు మొత్తానికి అదే కారు. దాన్ని నడిపేదేమో ఒక ఆడమనిషి. తెల్లచీర మీద ముదురు నీలం స్వెటర్ వేసుకుని ఆవిడ స్టీరింగ్ ముందు కూర్చుంటే ఆడపిల్లలమంతా ఆటలాపి నిలబడిపోయేవాళ్ళం.

చలికాలంలో మాత్రం ఆవిడ ఒక వింత పని చేసేవారు. బయలుదేరాల్సిన వేళకు చాలా ముందే వచ్చి కారు స్టార్ట్ చేసి, కదలకుండా అందులోనే కూర్చునేవారు. ఎందుకలా కూర్చుంటారని ఒకరోజు అడిగాను. మీ కొబ్బరినూనె సీసా పట్రా అన్నారు. తెచ్చాను. ఒక చీపురుపుల్ల అందులో గుచ్చి, తిప్పు చూద్దాం అన్నారు. తిప్పబోతే పుల్ల పుటుక్కున విరిగింది. సీసాను ఎండలో పెట్టించి మధ్యాహ్నం మళ్ళీ పిలిచారు. ఈసారి ఇంకో పుల్ల నూనెలో గిరగిరా తిరిగింది.

"గేరుపెట్టెలో కూడా నూనె ఉంటదమ్మలూ. ఇలా గడ్డకట్టదు గానీ చలికి చిక్కబడుద్ది. పళ్ళచక్రాలన్నీ ఆ నూనెలోనే తిరగాలి. అది వెచ్చబడకుండా మనం తొందరపడి లాగామనుకో, పన్ను విరుగుద్ది" అన్నారు.

మరో ఉదయం ఆవిడ చేసిన పని ఇంకా గొప్పది. కారులో కాళ్ళకింద పరిచిన రబ్బరు పట్టా పైకి లేపి, తన స్టెతస్కోపు నా చెవులకు తగిలించి, దాని బిళ్ళను గేరుపెట్టె మీద ఉండే రేకుకు ఆనించారు. మొదట నాకేదో బరువైన చప్పుడు వినబడింది. బురదలో ఎద్దు కాళ్ళు పీక్కుంటూ నడుస్తున్నట్టుగా ఉంది. నేను ఊపిరి బిగబట్టి వింటూనే ఉన్నాను. ఆ చప్పుడు మెల్లమెల్లగా పలచబడి, చివరికి తుమ్మెద పాటంత సన్నగా, ఒకే తీరుగా మారింది. రేకు కింద, మా కంటికి కనబడని చోట, ఏదో నిద్రలేచి ఒళ్ళు విరుచుకుందని నాకనిపించింది. ఆ రోజంతా స్కూల్లో ఆ చప్పుడే నా చెవుల్లో ఉంది.

నేను చెప్పదలుచుకున్న రోజు ఆ తరువాత వచ్చింది. జనవరి నెల. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే మాకు బడులు మూసేశారు. ఆంటీకి అప్పుడు చంటిపిల్ల. అంకుల్ సరిహద్దుకు వెళ్ళాక పుట్టింది. ఆయన తన కూతుర్ని ఇంకా చూడనే లేదు. ఆంటీకి నైట్ డ్యూటీ పడ్డప్పుడు పాప మా ఇంట్లో అమ్మ పక్కన పడుకునేది. ఆ ఉదయం నేను పాలు తాగుతుండగా మంచు వల్ల ఆ రాత్రి కారు తియ్యని ఆవిడ ఆసుపత్రి వ్యాను దిగి, యూనిఫాం మీదే పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చారు. అంకుల్ స్నేహితుడెవరో ఆసుపత్రికి ఫోన్ చేశాడట. అంకుల్ వాళ్ళ దళాన్ని ఒక సరిహద్దు నుంచి ఇంకో సరిహద్దుకు మారుస్తున్నారనీ, వాళ్ళ రైలు ఈ ఉదయమే పాత ఢిల్లీ స్టేషన్లో కాసేపు ఆగుతుందనీ చెప్పాడట. ఆ తరువాత ఆయన ఎప్పుడు వస్తారో ఎవరికీ తెలియదు.

ఆ మంచులో టాక్సీ దొరికే దారి లేదు. అమ్మ పాపను శాలువాలో చుట్టుకుని కారు వెనక సీట్లో కూర్చుంది. ఆంటీ నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, కిటికీ దించుకుని ఎడమవైపు ఫుట్‌పాత్ కనబడుతోందో లేదో చెబుతూ ఉండమన్నారు.

ఇంజను చాలాసేపు దగ్గి దగ్గి స్టార్ట్ అయింది. ఆంటీ స్టీరింగ్ పక్కనున్న గేరు కడ్డీని లాగారు. కర్రుమని ఒక చప్పుడు. మళ్ళీ ప్రయత్నించారు. ఈసారి ఆ చప్పుడుకు నా పళ్ళు జివ్వుమన్నాయి. మంట కాచుకుంటున్న చౌకీదారు లేచి వచ్చాడు.

"ధక్కా లగా దూఁ, దీదీ?" అంటూ కారు తోయడానికి వెనక్కి నడిచాడు.

వెనక నుంచి అమ్మ, "ఇంకాస్త గట్టిగా లాగి చూడు వదినా. రైలు వెళ్ళిపోద్దేమో" అంది.

నేను ఆంటీ చేతినే చూస్తున్నాను. కడ్డీ మీద ఆవిడ వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆ చెయ్యి ఇంకోసారి లాగుతుందనే అనుకున్నాను. ఆవిడ స్థానంలో ఎవరున్నా లాగేవారు. కానీ ఆవిడ కడ్డీ మీద నుంచి చెయ్యి తీసేశారు.

"నహీఁ భయ్యా, రుకియే" అని అతన్ని ఆపి, అమ్మతో, "ఇప్పుడు లాగితే పడదు వదినా, విరుగుద్ది. అప్పుడిక వెళ్ళేదే ఉండదు" అన్నారు.

తరువాత గేరు లేకుండానే క్లచ్ పెడల్ మీద నుంచి పాదాన్ని అతి మెల్లగా పైకి తీశారు. పెడల్ లేచేకొద్దీ ఇంజను గొంతు దిగిపోయింది. చిక్కటి నూనెలో చక్రాలను తిప్పే భారమంతా దాని మీద పడిందన్నమాట. ఆగిపోతుందేమోనని భయపడ్డాను. ఆగలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చున్నారు. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నారని తెలిసింది. బుగ్గ మీద నుంచి ఒక కన్నీటి చుక్క జారి స్వెటర్ మీద పడింది. కానీ ఆ చెయ్యి మాత్రం కదల్లేదు.

అలా ఎంతసేపు ఉన్నామో నాకు తెలియదు. మాలో ఎవ్వరికీ ఆవిడకున్నంత తొందర లేదు. అయినా అమ్మ కంగారు పడుతోంది, చౌకీదారు కాళ్ళు మార్చుకుంటున్నాడు, నాకైతే ఏడుపొస్తోంది. కదలకుండా ఉన్నది ఆవిడ ఒక్కరే. ధైర్యమంటే ముందుకు దూకడమని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఇలా కూర్చోవడానికి అంతకంటే ఎంత బలం కావాలో ఆ పూట కళ్ళారా చూశాను.

ఇంజను గొంతు కాస్త తేలికపడింది. నాకంటే ముందే ఆవిడకు వినబడింది కాబోలు, కళ్ళు తెరిచారు. క్లచ్ నొక్కి, వెంటనే లాగకుండా ఒక్క ఊపిరి ఆగి, రెండు వేళ్ళతో కడ్డీని అందుకున్నారు. ఏ చప్పుడూ రాలేదు. కారు కదిలాక గానీ గేరు పడిందని నాకు తెలియలేదు.

దారంతా తెల్లటి గోడలోకి వెళుతున్నట్టే ఉంది. "ఫుట్‌పాత్ ఉంది ఆంటీ, ఉంది, ఉంది" అని నేను చెబుతూనే ఉన్నాను. ఆవిడ ఎక్కడా వేగం పెంచలేదు. గేరు మార్చిన ప్రతిసారీ మధ్యలో చిన్నగా ఆగి, దాని అనుమతి అడిగినట్టు అడిగి, అప్పుడే తరువాతి గేరులోకి వెళ్ళేవారు. దరియాగంజ్ దాటేసరికి కడ్డీ దానంతటదే కదులుతోందా అన్నంత సులువుగా పడసాగింది.

స్టేషన్లో రైలు ఇంకా ఆగే ఉంది. మిలిటరీ పెట్టెలు చివర్న ఉన్నాయి. ప్లాట్‌ఫాం పొడుగునా పరుగెత్తాం. ఒక పెట్టె గుమ్మంలో అంకుల్ ఓవర్‌కోటు వేసుకుని, చేతిలో టీ మగ్గుతో నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి కిందికి దూకారు. ఆంటీ పాపను అమ్మ చేతుల్లోంచి తీసుకుని ఆయన ముందుకు చాపారు.

ఆయన ఒక చెయ్యి సగం దాకా చాపి వెనక్కి తీసుకున్నారు. ఎర్రగా, పగుళ్ళు పడ్డ చేతులు. రెంటితోనూ టీ మగ్గును గట్టిగా పొదివిపట్టుకున్నారు. ఒక చెయ్యి తీసి తన చెంపకు ఆనించి చూసుకుని, చాలలేదేమో, మళ్ళీ మగ్గుకే చుట్టారు. ముందెక్కడో ఇంజను కూత వేసింది.

"తీసుకోండి అన్నయ్యగారూ, బండి కదిలేట్టుంది" అంది అమ్మ.

"ఒక్క నిమిషం చెల్లెమ్మా. మంచుగడ్డల్లా ఉన్నాయి చేతులు. పిల్ల ఉలిక్కిపడుద్ది" అన్నారాయన.

ఆంటీ ఆయన్ని తొందర పెట్టలేదు. పాపను అలాగే పట్టుకుని, నవ్వుతూ ఏడుస్తూ నిలబడ్డారు. అప్పుడు ఆయన మగ్గు కింద పెట్టి పాపను అందుకున్నారు. పాప ఏడవలేదు. ఆయన ముఖంలోకి నిదానంగా చూసి, మీసం పట్టుకుని లాగింది. రైలు కదిలేదాకా ఆ పిల్ల తండ్రి చేతుల్లోనే ఉంది. కదిలాక ఆంటీ చేతికిచ్చి, పరుగెత్తి ఎక్కేశారు.

తిరిగి వచ్చేటప్పటికి మంచు విడిపోతోంది. ఉన్నట్టుండి ఆంటీ గట్టిగా నవ్వారు. "ఇన్నాళ్ళకి కనబడి, ఏం అడిగారో తెలుసా వదినా? గేర్లు సరిగ్గా పడుతున్నాయా అని" అన్నారు. అంకుల్ ఆ ఎండాకాలం క్షేమంగా ఇంటికొచ్చారు.

నేను ఢిల్లీలోనే చదువుకుని, ఉద్యోగం చేసి, రిటైరయ్యాను. ఇప్పుడు నోయిడాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. అంకుల్ ముఖం నాకిప్పుడు సరిగ్గా గుర్తులేదు. కానీ కూత వేసిన రైలు పక్కన నిలబడి, కన్నకూతుర్ని తాకే ముందు చేతులు వెచ్చబెట్టుకున్న ఆ మనిషీ, ఆయన్ని తొందరపెట్టని ఆ ఇల్లాలూ నన్ను వదల్లేదు. నా మనవరాలికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం హిందీయే. చలికాలం ఉదయాల్లో రజాయిలోంచి చేతులు చాపి, "జల్దీ కరో నా, అమ్మమ్మా" అని తొందరపెడుతుంది. నేను రెండు అరచేతులూ రుద్దుకుని, నా చెంపకు ఆనించి చూసుకుంటాను. అది ఎంత మారాం చేసినా సరే, వెచ్చబడ్డాకే ఎత్తుకుంటాను.