ప్రెసిడెంటును ఎత్తుకొచ్చిన శనివారం

ఎనభైల నడుమ, నేను కాలిఫోర్నియాలో డిగ్రీ చదివే రోజుల్లో, మా సొరారిటీలో ఒక ఆచారం ఉండేది. సొరారిటీ అంటే యూనివర్సిటీ అమ్మాయిలు కొందరు ఒక ఇల్లు తీసుకుని, అక్కచెల్లెళ్ళమని ఒట్టేసుకుని ఉండే సంఘం. కొత్తగా చేరబోయేవాళ్ళు తమ దీక్షకు వారం ముందు ప్రెసిడెంటును కిడ్నాప్ చెయ్యాలి. సాయంత్రం దాకా మిగతా అక్కలు ఆమెను కనిపెట్టలేకపోతే గెలుపు మాది. కనిపెట్టారంటే ఆ టర్మంతా ఇంటిల్లిపాది గిన్నెలూ మేమే తోమాలి. ప్రెసిడెంటుకూ సంగతి తెలుసు కాబట్టి ఆ వారమంతా చిరుగుల్లేని పైజమా చూసుకుని మరీ పడుకునేది.

మాది చైనా, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్ కుటుంబాల అమ్మాయిల ఇల్లు. ఒకప్పుడు తెల్లపిల్లల ఇళ్ళల్లో చోటివ్వకపోతే, మీ టీ పార్టీలు మీరే చేసుకోండని వీళ్ళ ముందు తరంవాళ్ళు సొంతంగా పెట్టుకున్నారు. నేను వెళ్ళి తలుపు తట్టినప్పుడు, ఇండియావాళ్ళు మన లెక్కలోకి వస్తారా అని వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఎదురుగా గోడమీద ప్రపంచపటం ఉంది. నేను తిన్నగా వెళ్ళి ఇండియా మీద వేలు పెట్టి, "ఇది ఆఫ్రికాలో ఉందా?" అని అడిగాను. నోరున్న పిల్ల, పనికొస్తుందని తీసుకున్నారు.

ఇంట్లో మాత్రం ఆ నోరు పెగల్లేదు. "చదువుకోమని పంపితే క్లబ్బులేంటి? అలాంటివాటిలో చేరావని తెలిసిందో, హాస్టల్ ఖాళీ చేయించి సన్నీవేల్‌లో మనింటి నుంచే రోజూ కాలేజీకి డ్రైవ్ చేయిస్తాను" అని నాన్న ముందే హెచ్చరించారు. అమ్మ పక్కనే నిలబడి తలూపింది. అందుకని చేరిన సంగతి చెప్పలేదు. హైస్కూల్లో నా టిఫిన్ డబ్బా మూత తియ్యగానే ముక్కులు మూసుకునేవాళ్ళు; నాలుగేళ్ళూ ఒక్కదాన్నే కూర్చుని తిన్నాను. ఈ అక్కల ఇంట్లో నా డబ్బా కోసం కొట్టుకునేవాళ్ళు. అది పోతే మళ్ళీ ఒక్కదాన్నే అయిపోతానని నాకు చచ్చేంత భయం.

కొత్తవాళ్ళలో ప్రెసిడెంటును దాచే వంతు నాకు పడింది. ఇంత భయమున్న మనిషి ఆమెను ఎక్కడ దాచింది? సొంతింట్లోనే. అందులో నా తెలివి ఏమిటంటే, ఆ శనివారం అమ్మానాన్నలు ఫ్రీమాంట్‌లో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్తున్నారు. ఇల్లు ఖాళీ. పొద్దున్నే నా ఎర్ర చున్నీతో ప్రెసిడెంటు కళ్ళకు గంతలు కట్టి, నా పాత డాట్సన్ కారులో కూర్చోబెట్టి తీసుకొచ్చాను. జపాన్ కుటుంబం పిల్ల, మహా గడుసుది. దారిపొడుగునా పాటలు పాడుతూనే ఉంది.

తాళం తీద్దామని వంగేసరికి తలుపే తెరుచుకుంది. అమ్మ! చేతిలో చిల్లుల గరిటె, వెనక చేగోడీలు వేగుతున్న వాసన. గృహప్రవేశం ఆదివారానికి మారిందట; నాన్న ఏదో పనుందని శనివారమైనా ఆఫీసుకు వెళ్ళారట.

అమ్మ పైజమాలో ఉన్న పిల్లను, కళ్ళగంతలను, నన్ను వరసగా చూసి, "అది నీ పుట్టినరోజుకి కొన్న చున్నీ కాదుటే?" అంది.

"ఫ్రెండమ్మా. ప్రాజెక్ట్ చేసుకుందామని..."

"ప్రాజెక్టుకి కళ్ళు కట్టెయ్యడం ఎందుకే?"

తెలుగు ముక్క రాకపోయినా ప్రెసిడెంటుకు సంగతి అర్థమైపోయింది. "మీ అమ్మాయి నన్ను కిడ్నాప్ చేసిందండీ" అని ఇంగ్లీషులో చక్కగా చెప్పింది.

అమ్మ గంతలు విప్పి, ఆ పిల్లను కూర్చోబెట్టి ఉప్మా, ఆవకాయ వడ్డించింది. ఆ పిల్ల సొరారిటీ సంగతంతా చెప్పాక మొదలైంది విచారణ. అమ్మ గుంటూరులో ఇంగ్లీషు ఎమ్మే చదివి, ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ అన్ని ప్రశ్నలు వెయ్యరు. ఆ ఇంట్లో వంటెవరు చేస్తారు? తలుపులెప్పుడు వేస్తారు? మగపిల్లలు ఎక్కడిదాకా రావచ్చు? ప్రెసిడెంటు ఆవకాయ ఘాటుకు కళ్ళనీళ్ళు కారుస్తూనే అన్నిటికీ జవాబు చెప్పింది. బల్ల కింద నేను తన్నిన తన్నులన్నీ వృథా. వచ్చే వారం నా దీక్ష అని కూడా చెప్పేసింది.

"జబ్బు చేస్తే ఎవరు చూస్తారు?" అని అమ్మ అడిగింది.

"మేమే. మొన్న ఈమెకు జ్వరం వస్తే వంతులేసుకుని పక్కన కూర్చున్నాం."

అమ్మ నావైపు తిరిగింది. "జ్వరమా? నాకెందుకు చెప్పలేదే?"

చెబితే ఎక్కడ పడుకున్నావని అడుగుతుంది కదా. అమ్మ కళ్ళు తడిశాయి. నా పని అయిపోయిందనుకున్నాను. సోమవారం నుంచి డాట్సన్, ఫ్రీవే, ఒంటరి లంచ్.

అప్పుడే గోడమీది ఫోన్ మోగింది. అక్కలు ఫోన్ బుక్ తిరగేసి కొత్తగా చేరబోయేవాళ్ళ ఇళ్ళకు వరసగా ఫోన్లు చేస్తున్నట్టున్నారు. నేను లేవబోయేలోపే అమ్మ రిసీవర్ ఎత్తింది. అవతలి మాటలు శ్రద్ధగా వింది. ప్రెసిడెంటు కేసి చూసింది, నాకేసి చూసింది.

"నో ఇంగ్లీష్," అంది. "మేడమ్ నాట్ హోమ్. నో ఇంగ్లీష్, నో!"

ఠక్కున పెట్టేసి మళ్ళీ చేగోడీల బాణలి దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పటిదాకా అమ్మతో గడగడా ఇంగ్లీషులో మాట్లాడిన ప్రెసిడెంటు నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సాయంత్రం దాకా మమ్మల్ని ఎవరూ కనిపెట్టలేదు. బయల్దేరుతుంటే ఆడపిల్లను ఉత్తచేతులతో పంపకూడదని అమ్మ ప్రెసిడెంటుకు బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క, డబ్బానిండా చేగోడీలు ఇచ్చింది. సరిగ్గా అప్పుడే నాన్న ఆఫీసు నుంచి వచ్చి, పైజమా మీద బొట్టుతో ఉన్న పిల్లను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఎవరీ అమ్మాయి?"

"మన పిల్లకి అక్క. అంతా నేను చెప్తాను, ముందు మీరు కాళ్ళు కడుక్కుని రండి" అంది అమ్మ. ఆ గొంతు వింటే నాన్న ఎప్పుడూ ఎదురు చెప్పరు. నా హాస్టల్ నిలబడిందని ఆ క్షణానే తెలిసిపోయింది.

కారు దాకా వచ్చి అమ్మ కిటికీలోంచి వంగింది. నాతో కాదు, ప్రెసిడెంటుతో ఇంగ్లీషులో అంది: "ఈసారి దీనికి జ్వరం వస్తే నాకు ఫోన్ చెయ్యి. నాకు ఇంగ్లీషు వచ్చు."