పొలమారితే ఎవరో తలుచుకున్నట్టు

మనిషి గొంతులో రెండు గొట్టాలుంటాయి. ఒకటి అన్నానికి, ఇంకోటి ఊపిరికి. నోట్లోంచి రెండింటికీ దారి ఒక్కటే. నాలుక వెనకాల చిన్న మూత లాంటిది ఉంటుంది. మింగినప్పుడల్లా అది ఊపిరి గొట్టం మీద వాలిపోవాలి. ఒక్క మెతుకో, ఒక్క నీటిచుక్కో ఆ మూత కన్నుగప్పి అటు వెళ్ళిందా, అంతే, పొలమారుతుంది. ఈ సంగతి తొమ్మిదో తరగతిలో మా సైన్సు మాస్టారు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. అప్పటిదాకా నాకు తెలిసిన కారణం వేరు. కువైట్‌లో మా అమ్మ నన్ను తలుచుకుంటోంది కాబట్టి ఇక్కడ నాకు పొలమారుతోంది.

మాది అమలాపురం నుంచి రాజోలు వెళ్ళే దారిలో ఒక ఊరు. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయారు. తొంభైల్లో మా వీధి ఆడవాళ్ళు చాలామంది కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్ళారు. అమ్మ కూడా వెళ్ళింది. నేను అమ్మమ్మ దగ్గర ఉండిపోయాను. అమ్మ శుక్రవారం నాడు ఎదురింటి పిన్నిగారి ఫోనుకి చేసేది. మేమిద్దరం పరుగున వెళ్ళేవాళ్ళం. మాట్లాడేది కాసేపే. అందులో సగం "వినపడుతోందా, వినపడుతోందా" అనడానికే సరిపోయేది.

అమ్మమ్మ ఇంట్లో ఊరికే పడి ఉండే వస్తువంటూ ఒక్కటీ లేదు. కత్తెర ఖాళీగా ఆడిస్తే ఇంట్లో గొడవలు. ఉప్పు చేతిలో పెడితే ఇద్దరికీ చెడుతుంది, కింద పెట్టి తీసుకోమనాలి. దువ్వెన చెయ్యి జారిపడితే చుట్టాలొస్తారు. తుమ్మితే "చిరంజీవ" అనాలి. ఎడమ కన్ను అదిరితే ఆడవాళ్ళకి మంచిది, కుడి కన్నయితే ఆ రోజంతా ఆవిడ ముఖం మాడ్చుకుని తిరిగేది. నాకు నోరెక్కువ. ప్రతిదానికీ ఎందుకనేదాన్ని. "ఎందుకంటే? పెద్దోళ్ళు పనిలేక చెప్పేరా?" అని కసిరేది. కొన్నింటికి జవాబులు నేనే తర్వాత అక్కడా ఇక్కడా విని పోగేసుకున్నాను. ఖాళీ కత్తెర ఆడిస్తే అంచులు రాసుకుని మొద్దుబారతాయట. నిద్ర చాలకపోయినా కనురెప్ప అదురుతుందట. ఇవన్నీ చెబితే అమ్మమ్మ వినేది, వినేసి కత్తెర నా చేతిలోంచి లాక్కునేది.

కానీ పొలమారడం దగ్గర మాత్రం ఆవిడది పెద్ద తతంగం. నాకు పొలమారగానే చేతిలో పనొదిలేసి వచ్చి మాడు మీద తట్టేది, ఉఫ్ఫుమని ఊదేది. "పైకి చూడు, పైకి చూడు" అంటూ వరసపెట్టి ఒక్కొక్కరినీ అడిగేది. "ఎవరే తలుచుకుంటున్నారు? మీ పెద్దమ్మా? మీ మావయ్యా? మీ మేనత్తా?" ఎవరి పేరు దగ్గర దగ్గు ఆగితే వాళ్ళు తలుచుకున్నట్టు. నాకెప్పుడూ మా అమ్మ దగ్గరే ఆగేది. "చూసేవా, మీయమ్మే" అని ఆవిడ మురిసిపోయేది, నేను మురిసిపోయేదాన్ని. కొంచెం పెద్దయ్యాక కనిపెట్టాను. ఆవిడ కావాలనే అమ్మని చివర్న పెట్టేది. దగ్గు తగ్గే వరకూ మిగతా చుట్టాలందరినీ తిప్పేది, తగ్గుతోందనగానే అమ్మని అనేది. కనిపెట్టానని నేను చెప్పలేదు. చెబితే మానేస్తుందేమోనని భయం.

సైన్సు మాస్టారు చెప్పిన రోజు మాత్రం ఇంటికొచ్చి, మూత సంగతి గొప్పగా చెప్పాను. అమ్మమ్మ చేటలో బియ్యం ఏరుతూ అంతా విన్నది.

"మూత ఉంటే ఉంటాది లేవే. రోజూ వేసుకునే మూత ఇయ్యాల ఎందుకు వేసుకోలేదంట? ఎవరో పిలిచుంటారు. అటు తిరిగి చూసుంటాది."

మర్నాడు మాస్టారిని అడుగుదామనుకున్నాను గానీ ధైర్యం చాల్లేదు. నిజం చెప్పాలంటే, ఆవిడ మాటే నాకు నచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటాక, నా డిగ్రీ అయిపోయిన ఏడు, అమ్మమ్మకి పక్షవాతం వచ్చింది. ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయాయి, మూతి వంకరపోయింది. మాట ముద్దముద్దగా వచ్చేది. అమలాపురంలో ఆసుపత్రిలో పెట్టి ఇంటికి తెచ్చుకున్నాం. అప్పటినుంచి ఆవిడకి ఏది మింగినా పొలమారేది. కాఫీకి పొలమారేది, మంచినీళ్ళకి పొలమారేది. చూడ్డానికొచ్చిన వాళ్ళందరూ కొబ్బరి బోండాలు తెచ్చేవారు. బోండాం నీళ్ళు రెండు గుక్కలు తాగేసరికి ముఖం కందిపోయి, కళ్ళు తేలేసేది. నేను మాడు మీద తడుతూ పైకి చూడమని అరిచేదాన్ని. ఆవిడ మాత్రం దగ్గు తగ్గగానే కళ్ళనీళ్ళతోనే, పనిచేసే సగం మూతితో నవ్వేది.

"ఏటో మీయమ్మ ఒకటే తలుచుకుంటందే నన్ను. ఇంక పనేం చేసుకుంటాదో అక్కడ" అనేది.

ఆయాసంతో జ్వరం వస్తే మళ్ళీ అమలాపురం తీసుకెళ్ళాం. డాక్టరుగారు గుండెల మీద గొట్టం పెట్టి విని, నన్ను బయటికి పిలిచారు.

"మింగే కండరాలు దెబ్బతిన్నాయమ్మా. తాగింది తాగినట్టు ఊపిరితిత్తుల్లోకి పోతోంది. పల్చనివి అసలొద్దు. మంచినీళ్ళు కూడా వట్టివి పొయ్యకండి, గంజిలా చిక్కగా చేసి చెంచాతో పట్టండి. కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి మింగించాలి."

"పొలమారితే పైకి చూడమంటామండి..." అన్నాను.

"వద్దు, వద్దు. తలెత్తితే ఊపిరి దారి ఇంకా తెరుచుకుంటుంది. ఇంకోసారి ఇలా పోయిందంటే కష్టం తల్లీ."

కష్టం అంటే ఏమిటో అడగలేదు. అర్థమైంది. ఇంటికొచ్చి బోండాలన్నీ ఎదురింటికి ఇచ్చేశాను. గంజి చిక్కగా కాచి, జావ ముద్దలా చేసి, తలగడలు పెట్టి కూర్చోబెట్టి, గడ్డం వంచి పట్టాను. పొలమారలేదు. ఆ పూటా లేదు, మర్నాడూ లేదు. జ్వరం తగ్గింది. నేను గెలిచాననుకున్నాను. అంత సంతోషం నాకు డిగ్రీ ప్యాసైనప్పుడు కూడా కలగలేదు.

అప్పుడు అమ్మమ్మ తినడం తగ్గించేసింది. చెంచా దగ్గరికి తెస్తే పెదాలు బిగించేది. బతిమాలితే ఒక చెంచా, కోప్పడితే అదీ లేదు. రుచి లేదేమోనని ఉప్పు మార్చాను, బెల్లం వేశాను. ఒకనాడు చెంచాని తోసేసి గోడవైపు తిరిగి అంది.

"నన్ను మర్చిపోయిందే మీయమ్మ."

"ఎవరు చెప్పేరు నీకు?"

"ఒక్కసారీ పొలమారట్లేదు. మర్చిపోయింది. లేపోతే..." అని ఆగి, "దానికేదన్నా అయిపోయిందేమోనే. నాకు చెప్పకుండా దాస్తున్నారా మీరంతా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మొన్న శుక్రవారమేగా ఫోను చేసింది, నేను మాట్లాడి వచ్చి చెప్పలేదా అని అరిచాను. నా అరుపు ఆవిడ్ని కదిలించలేదు.

"ఫోనుదేముంది, వేలితో నొక్కితే మోగుద్ది. ఇది మనసులోంచి రావాలి."

గొట్టాల బొమ్మ గీసి చూపించాను కూడా, పాత కాలెండరు వెనక. ఆవిడ కళ్ళు మూసుకుంది. మనిషి రోజురోజుకీ మంచంలోకి కుంగిపోతోంది. తినకపోతే దక్కదు. ఆవిడ తినేలా చెయ్యడానికి నా చేతిలో ఒకటే ఉపాయం ఉంది. ఒక్క గుక్క వట్టి నీళ్ళు పోస్తే చాలు, పొలమారుతుంది, కూతురు తలుచుకుందని నాలుగు ముద్దలు తింటుంది. ఆ గుక్కే ప్రాణం తీస్తుంది. గ్లాసు చేత్తో పట్టుకుని ఆ మంచం పక్కన నిలబడ్డాను. మళ్ళీ తీసుకెళ్ళి ముంతలో ఒంపేశాను. దేవుడా, ఇదేం పరీక్ష అనుకున్నాను.

శుక్రవారం అమ్మ ఫోను వచ్చింది. ఎప్పుడూ బాగానే ఉందని చెప్పేదాన్ని. ఆ రోజు చెప్పలేకపోయాను. డాక్టరుగారన్నదీ, గంజి సంగతీ, అమ్మమ్మ మూతి బిగించుకు కూర్చున్నదీ, ఎందుకు కూర్చున్నదీ, అంతా ఒక్క ఊపున చెప్పి ఏడ్చేశాను.

"ఫోను మా అమ్మ చెవి దగ్గర పెట్టగలవా?" అంది అవతల నుంచి.

పిన్నిగారింట్లో అప్పటికి తీగ లేని ఫోను కొన్నారు. అది వీధి దాటి మా అరుగు దాకా పనిచేసేది, గుమ్మంలోకి వెళ్తే గరగరమనేది. పిన్నిగారూ నేనూ అమ్మమ్మ మంచాన్ని అరుగు మీదికి లాగాం. ఫోను ఆవిడ చెవికి ఆనించి, నా చెవి కూడా దానికే ఆనించాను.

"అమ్మా, నేనేనమ్మా. వినపడతందా?"

అమ్మమ్మ కళ్ళు విప్పింది.

"నీకు పొలమారితే ప్రాణానికే ముప్పని డాక్టరుగారు చెప్పేరంట గదమ్మా. అందుకే నేనే తలుచుకోటం మానేసేను. నువ్వు తినే వేళకి ఇక్కడ నేనేదో పనిలో పడిపోయి, నిన్ను మనసులోకి రానివ్వట్లేదు. నేను మర్చిపోలేదమ్మా. ఆపుకుంటున్నాను. నువ్వు తిను."

మనుషులకి పొలమారినంతగా చాలా జంతువులకి పొలమారదట. మాట రావడం కోసం మనిషి గొంతులో స్వరపేటిక కిందికి జారిందట, దానివల్లే అన్నం దారీ ఊపిరి దారీ ఇలా కలగలిసి పోయాయట. ఎప్పుడో తర్వాత చదివాను. చదవగానే నాకా అరుగు గుర్తొచ్చింది. మాట్లాడగలగడానికి మనం ఇంత ప్రమాదం నెత్తినేసుకున్నాం, ఆ ఒక్క పూటకి అది దండగ కాలేదు.

అమ్మమ్మ ఏదో అనబోయింది, ముద్దమాట ఫోనులో వెళ్ళిందో లేదో. లైను తెగిపోయింది. నేను గంజి గిన్నె తెచ్చాను. అడక్కుండానే గడ్డం కిందికి వంచి నోరు తెరిచింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది. ఒక్కసారి కూడా పొలమారలేదు. మూతి తుడుస్తుంటే వీధివైపు చూస్తూ, "పాపం, ఎంత కష్టపడతందో నన్ను తలుచుకోకుండా" అంది. నేను గిన్నె కడిగే వంకన పెరట్లోకి పోయి ఏడ్చాను.

అమ్మ సెలవు దొరికి వచ్చేదాకా అమ్మమ్మ ఏ పూటా తిండి మానలేదు. నేను చెంచా పట్టుకోగానే తొందరపెట్టేది, కూతుర్ని ఎక్కువసేపు ఆపకూడదని. చివరి చెంచా మింగేసి, గొంతు సరిచూసుకుని, అప్పుడు నావైపు తిరిగేది.

"నా తిండైపోయిందే. ఇంక తలుచుకోవచ్చని చెప్పు మీయమ్మకి."

ఫోను ఎదురింట్లో ఉండేది, ఆ రోజు శుక్రవారం కూడా అయ్యేది కాదు.

"చెప్పేనమ్మమ్మా" అనేదాన్ని.