బురదలో పెరిగిన అడుగు

డెబ్బైల చివర్లో ఒక వేసవిలో యానాం దగ్గరి మడ అడవుల సెక్షన్‌కు ఫారెస్టరుగా వెళ్లాను. రేంజి ఆఫీసరుకు కింద, గార్డులకు పైన ఉండే ఉద్యోగం. అప్పటిదాకా పనిచేసింది మన్యం కొండల్లో. ఉప్పునీటి బురదలో నడవడం కూడా నాకు రాదు.

చేరిన వారానికే కాలువ ఒడ్డున పిల్లిజాతి జంతువు పాదముద్ర కనిపించింది. ట్రైనింగులో నేర్పినట్టు ముద్రమీద గాజుపలక ఉంచి, అంచు వెంబడి గీసి, కాగితం మీదికి ఎక్కించి కొలిచాను. చిరుత కొలత వచ్చింది. మడలో చిరుత అంటే చిన్న కబురా? ఉబ్బితబ్బిబ్బై ఆ సాయంత్రమే రిపోర్టు పంపాను.

పీతలు పట్టుకుని బతికే సత్తెమ్మ మాత్రం అది చేపలు తినే నీటిపిల్లి అంది. పాటు వేళ, అంటే సముద్రపు నీరు వెనక్కి తీశాక పడిన అడుగు మెత్తటి బురదలో జారి, గంటలో పెద్దదవుతుందట. కావాలంటే మీరే అడుగేసి చూసుకోండి అంది. ట్రైనింగు సర్టిఫికెట్టు ఉన్నవాడికి ఈవిడ పాఠమేంటని నవ్వేశాను.

నా రిపోర్టు చూసి మడలోకి ఎవరూ వెళ్లరాదని ఊళ్లో దండోరా వేయించారు. పీతల పని ఆగిపోయింది. జనం వారం రోజులు ఓర్చుకున్నారు. ఆ తర్వాత ఎవరో చేపల్లో పురుగుమందు కలిపి కాలువ పక్కన పెట్టారు. మర్నాడు అక్కడ చచ్చిపడి ఉన్నది నీటిపిల్లి. పొట్టి తోక, పాలతో నిండిన చన్నులు. పిల్లల కోసం రెండు రోజులు వెతికాం. దొరకలేదు.

సత్తెమ్మ నన్ను తిట్టలేదు. "నీటిపిల్లయితే మావోళ్లెవరూ ముట్టుకోరండి. నా మాట వదిలేసి మీ కాగితం నమ్మేరండి. మీరు చిరుతన్నారు కాబట్టే చంపేరు," అంది.

ఆ రోజు చెప్పులు విప్పి బురదలో అడుగు వేశాను. గంట ఆగి చూస్తే అది నా కాలిదంటే నేనే నమ్మనంత పెద్దదైంది. సిగ్గేసింది. తప్పు నాదేనని రాసి సంతకం పెట్టాను. మెమో వచ్చింది.

ఆ తర్వాత మడలో ఏ ముద్ర చూసినా, నీరు తీసి ఎంతసేపయిందో ముందు రాసి, కొలత తర్వాత రాసేవాణ్ణి. జంతువు పేరు రాసేముందు దాన్ని రోజూ చూసేవాళ్లను అడిగేవాణ్ణి. పేరు తప్పు రాసినందుకు నాకు పడింది ఒక మెమో. ప్రాణం పోయింది ఆ నీటిపిల్లికి.